తెల్లవారుజాము నాలుగు గంటల చలి

లంబసింగిలో టెంటు వేసుకునే వాళ్లు రాత్రి పది గంటల చలిని చూసి పడక సర్దుకుంటారు. అప్పటికి నెగడు మండుతూ ఉంటుంది, కడుపు నిండుగా ఉంటుంది, చుట్టూ నలుగురు కబుర్లాడుతుంటారు. ఒక రగ్గు చాలులే అనిపిస్తుంది. అసలు చలి వచ్చేది తెల్లవారుజామున. మూడింటికి మొదలై సూర్యుడు కొండ మీదికి వచ్చేదాకా వదలదు. నెగడు అప్పటికి బూడిదై ఉంటుంది. మన ఒంటి వేడి కూడా ఇరవై నాలుగు గంటల్లో అన్నిటికన్నా తగ్గేది సరిగ్గా ఆ వేళకే, నాలుగింటికీ అయిదింటికీ మధ్య. బయట చలి ముదిరే వేళ, లోపల వేడి సన్నగిల్లే వేళ దాదాపు ఒకటే. అందుకని పడక వేసేటప్పుడు లెక్క చూసుకోవలసింది నాలుగు గంటల చలికి.

నేను నర్సీపట్నంలో డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. చలికాలంలో వాళ్లను వెంటబెట్టుకుని ఘాట్ రోడ్డెక్కి చింతపల్లి వైపు పోతుంటాను. పాఠంలో ఉష్ణవహనం, సంవహనం, వికిరణం అని బట్టీ పట్టినవన్నీ అక్కడ ఒక్క రాత్రిలో ఒంటికి తెలుస్తాయి. ఆ ఇష్టం కొద్దీ వెళ్తాను. ఈ మధ్య మన ఊళ్ల నుంచి పసిపిల్లలతో, పెద్దవాళ్లతో కూడా వచ్చి మంచులో టెంట్లలో పడుకుంటున్నారు. వాళ్లలో చాలామంది రాత్రంతా వణికి, తెల్లారి మబ్బుల్ని చూసే ఓపిక కూడా లేక కార్లో ముడుచుకుని నిద్రపోతుంటే బాధేస్తుంది. కాస్త తెలిసి ఉంటే ఆ రాత్రి హాయిగా గడిచేది.

ముందు ఆ చలి ఎక్కడిదో చూద్దాం. లంబసింగి సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తులో ఉంది. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది. అంటే విశాఖలో 18 డిగ్రీలున్న రాత్రి ఇక్కడ 11 దాకా ఉండాలి. కానీ డిసెంబరు, జనవరి నెలల్లో అయిదు డిగ్రీలకూ, అంతకన్నా కిందికీ దిగే రాత్రులున్నాయి. ఎత్తు ఒక్కటే అయితే అంత చలి రాదు. మబ్బు లేని రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. నేలను ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కి, కొండవాలు వెంట నీళ్లలాగే కిందికి జారి లోయ అడుగున మడుగు కడుతుంది. చుట్టూ కొండలున్న చోట దానికి బయటికి పోయే దారి ఉండదు.

అందుకే టెంటు ఎక్కడ వేశామన్నది మొదటి సంగతి. వాగు పక్కన చదునైన మడి ఫొటోకు బాగుంటుంది. చలి గాలి వచ్చి చేరేదీ అక్కడికే. చీకటి పడ్డాక పిల్లల చేతికి థర్మామీటరు ఇచ్చి వాగు ఒడ్డు నుంచి వాలు మీదికి నడిపిస్తాను. పెద్దగా ఎక్కకముందే రెండు మూడు డిగ్రీలు పెరిగిన రాత్రులు ఉన్నాయి. నమ్మలేక మళ్లీ కిందికి దిగి చూసుకుంటారు. అలాగని కొండ కొమ్ముకు పోకూడదు, అక్కడ గాలి కోసేస్తుంది. పాడేరు దగ్గర వంజంగి కొండ మీద పడుకున్న వాళ్లకు ఆ గాలి సంగతి తెలిసే ఉంటుంది. వాలు నడుమ, చెట్ల కింద మంచిది. తలపైన ఆకుల గొడుగు ఉంటే నేల వేడి నేరుగా ఆకాశంలోకి పోదు, టెంటు మీద మంచు కూడా తక్కువ పడుతుంది. ఎండుకొమ్మలేవీ పైన వేలాడటం లేదని మాత్రం పగలే చూసుకోవాలి.

కింద ఏం పరిచారు?

టెంట్లు అద్దెకిచ్చే కుర్రాడు వచ్చి, "మేడమ్, ఇంకో రగ్గు తెమ్మంటారా?" అని అడుగుతాడు. మంచి కుర్రాడు, మనం చెప్పకుండానే తనే అడుగుతాడు. "రగ్గు వద్దు బాబూ, గడ్డి దొరుకుతుందేమో చూడు" అంటాను.

రగ్గుకు సొంతంగా వేడి లేదు. ఎంత ఖరీదైన స్లీపింగ్ బ్యాగుకైనా లేదు. టెంటులో ఉన్న పొయ్యి మన ఒళ్లొక్కటే. నిద్రలో మనిషి ఒళ్లు ఇచ్చే వేడి పాతకాలం 75 వాట్ల బల్బు ఇచ్చేంత. ఆ కాస్త వేడి బయటికి పోకుండా ఆపడమే రాత్రంతా జరగాల్సిన పని. దాన్ని ఆపేది ఉన్ని పోగుల మధ్య, దూది మధ్య, ఈకల మధ్య కదలకుండా చిక్కుకుపోయిన గాలి. రగ్గు మెత్తగా, ఉబ్బుగా ఉన్నంతసేపే ఆ గాలి ఉంటుంది. మనం దాని మీద పడుకోగానే ఒంటి బరువుకు నలిగి అట్టలా అయిపోతుంది. భుజాల కింద, నడుం కింద ఇక గాలి మిగలదు. చల్లటి తడి నేలకీ మన వీపుకీ మధ్య రెండు పొరల బట్ట తప్ప ఏమీ లేనట్టే. మీద మూడు రగ్గులు కప్పుకున్నా వేడి వీపులోంచి నేలలోకి దిగిపోతూనే ఉంటుంది. నేలకు ఎంత ఇచ్చినా చాలదు.

అందుకే బరువు పడ్డా పూర్తిగా అణగని పొర కింద వేయాలి. కొండ పల్లెల్లో డిసెంబరుకు వరి కోతలు అయిపోయి ఉంటాయి. గడ్డి ఉన్న ఇంటికి వెళ్లి డబ్బిచ్చి తెచ్చుకోవాలి. అది వాళ్ల పశువుల మేత, ఊరికే అడగడం న్యాయం కాదు. ఎండుగడ్డే కావాలి. మోపు విప్పి లోపలికి చెయ్యి పెట్టి చూడండి. చెమ్మ తగిలితే వద్దు. టెంటు వేయబోయే చోట రాళ్లు ఏరేసి గడ్డి జానెడు మందాన పరవాలి. పోచలన్నీ ఒకే దిక్కుకు పెట్టకుండా ఒక వరుస అడ్డం, ఒక వరుస నిలువు వేస్తే కింద జారిపోదు. దాని మీద టార్పాలిన్, దాని మీద టెంటు. ఎక్కి పడుకుంటే జానెడు గడ్డి నాలుగు వేళ్ల మందానికి దిగుతుంది. ఆ నాలుగు వేళ్లు చాలు. గడ్డిపోచ లోపల బోలు, పోచకీ పోచకీ మధ్య ఖాళీ, అంతా కదలని గాలే. నెగడు మాత్రం ఈ పడకకు దూరంగా, గాలి వాలుకు దిగువన ఉండాలి. గడ్డికీ నైలాను గుడ్డకీ ఒక్క నిప్పురవ్వ చాలు.

గడ్డి దొరకకపోతే కిరాణా కొట్లో ఖాళీ అట్టపెట్టెలు అడిగి విప్పి రెండు మూడు పొరలు పరచండి. ట్రెక్కింగు వాళ్లు వాడే దళసరి ఫోమ్ చాప ఉంటే ఇంకా మంచిది. యోగా చాప ఒక్కటే చాలదు, రెండు కలిపి వేయాలి. గాలి ఊదే మామూలు పరుపు మెత్తగా ఉంటుంది కానీ దాని కడుపులో గాలి అటూ ఇటూ తిరుగుతూ వేడిని కిందికి మోస్తుంది, కాబట్టి దాని మీద కూడా ఒక రగ్గో ఫోమ్ చాపో పరచాలి. ఉన్నవి రెండే రగ్గులైతే నేను ఒకటి కిందా ఒకటి మీదా వేసుకోమంటాను. రెండూ మీద కప్పుకోమని ఎప్పుడూ చెప్పను.

ఈ మాటే ఒక ముసలి గొర్రెల కాపరి నాకన్నా క్లుప్తంగా చెప్పాడు. మా అత్తవారిది పాలమూరు వైపు. అక్కడ కోతలయ్యాక చేలల్లో గొర్రెల మందలు ఆపుతారు. ఎరువు కోసం రైతులు పిలుస్తారు, కాపరులు మంద పక్కనే ఆరుబయట పడుకుంటారు. వాళ్ల దగ్గర టెంటు లేదు, ఉన్నదల్లా గొంగడి. దక్కను నల్లగొర్రె ఉన్నితో నేసి, చింతగింజల గంజి పట్టించిన గొంగడి. ముట్టుకుంటే గరుకు, బరువు కూడా. మడత పెట్టబోతే ఎదురు తిరుగుతుంది. ఆ బిరుసు వల్లే ఒంటి కింద నలిగి పలచబడదు. మంచు మీద పడితే చాలాసేపు పైపైనే నిలుస్తుంది. ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా చెమ్మ పీల్చుకుని కూడా ఒంటికి తడి తగలనివ్వదు. ఆ కాపరిని చలి ఎట్లా ఆగుతుందని అడిగితే, "సగం కిందికి, సగం మీదికి బిడ్డా. కిందిది మరిస్తే మీదిది దండగ" అన్నాడు. మా డిపార్ట్‌మెంటులో ఇంత చక్కగా చెప్పిన పాఠం లేదు.

తడి

మన కొండల్లో చలికి తోడు తడి ఉంటుంది, అదే ఎక్కువ బాధ పెడుతుంది. నీరు గాలికన్నా సుమారు 25 రెట్లు తేలిగ్గా వేడిని లాగేస్తుంది. పగలంతా నడిచి చెమట పట్టిన కాటన్ బనీను సాయంత్రానికి ఆరినట్టే అనిపిస్తుంది, ఆరదు. దానితోనే పడుకుంటే ఆ చెమ్మ ఆరడానికి కావలసిన వేడి మన ఒంట్లోంచే పోవాలి. అందుకని నాతో వచ్చే పిల్లలకు ఒక కట్టుబాటు పెట్టాను: లోపలి బట్టల నుంచి మేజోళ్ల దాకా ఒక జత ప్లాస్టిక్ సంచీలో కట్టి, పడుకోబోయేటప్పుడే విప్పాలి. ఎవరు ఎంత బతిమాలినా ముందు విప్పకూడదు. మేజోళ్లు వదులుగా ఉండాలి. రెండు జతలు బిగించి తొడిగితే పాదాలకు రక్తం సరిగ్గా అందదు, ఇంకా చల్లబడతాయి.

తడి మన ఊపిరిలోంచి కూడా వస్తుంది. గాలి రాకూడదని టెంటు జిప్పులన్నీ బిగించి పడుకుంటారు. ఇద్దరి ఊపిరిలోని ఆవిరి రాత్రంతా గుడ్డకు తగిలి నీరై కారుతుంది. తెల్లారి రగ్గులు తడిసి ఉంటే టెంటు కారిందని అద్దెకిచ్చిన వాడితో తగాదాకు దిగుతారు. పై కిటికీ నాలుగు వేళ్ల వెడల్పున తెరిచి ఉంచండి. దానివల్ల పోయే వేడికన్నా పొడిగా ఉండడం వల్ల దక్కేది ఎక్కువ. ముసుగు తన్ని పడుకుని రగ్గు లోపలికే ఊపిరి వదలడం కూడా అంతే, కాసేపు వెచ్చగా ఉండి తర్వాత రగ్గంతా చెమ్మవుతుంది. ముక్కూ నోరూ బయట ఉంచి, మంకీ క్యాపు వేసుకుంటే సరి. ఒంటి వేడిలో సగం తలలోంచే పోతుందని చాలామంది అంటారు. అది నిజం కాదు. ఒంటి చర్మంలో తల వాటా పదో వంతు. అయితే మిగతా ఒళ్లంతా కప్పి దాన్నొక్కదాన్నీ వదిలేస్తే పోయే వేడి అక్కడినుంచే పోతుంది కాబట్టి టోపీ మాత్రం మానొద్దు.

ఈ మధ్య మన పిల్లలు శీతాకాలంలో ఉత్తరాఖండ్ కేదార్‌కాంఠా లాంటి చోట్లకు కూడా పోతున్నారు. అది 3,800 మీటర్ల ఎత్తు, మంచు మీద టెంట్లు. అక్కడ గడ్డితో పని జరగదు, సరైన స్లీపింగ్ బ్యాగు ఉండాలి. బ్యాగు మీద మూడు అంకెలు రాసి ఉంటాయి: కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్. మూడోది చూసి కొనకండి. ఆ చలిలో ఆరు గంటలు ప్రాణం నిలవవచ్చు అని మాత్రమే దాని అర్థం, నిద్ర పడుతుందని కాదు. కంఫర్ట్ అంకెను సగటు స్త్రీ ఒంటికి, లిమిట్‌ను ముడుచుకుని పడుకున్న సగటు పురుషుడికి లెక్కగడతారు. ఆడపిల్లలు తప్పకుండా మొదటిదే చూడాలి. ఈ అంకెల్ని వేడెక్కించిన బొమ్మను బ్యాగులో పడుకోబెట్టి కొలుస్తారు. ఆ బొమ్మకు లోపలి బట్టలు వేస్తారు, కింద చాప కూడా వేస్తారు. చాప లేకుండా పడుకుంటే ఆ అంకెలకు విలువ లేదు. ఈకల బ్యాగు తేలిక, మంచి వెచ్చన, కానీ తడిస్తే ముద్దయిపోతుంది. మన మన్యం పొగమంచుకు సింథటిక్ బ్యాగే నయం.

తిండి, నీళ్ల సీసా, నిప్పు

టీ తాగితే వెచ్చబడతామని అందరికీ నమ్మకం. టీ నాకూ ఇష్టమే. లెక్క చూస్తే కప్పు టీ మోసుకొచ్చే వేడి అయిదు కిలోకేలరీలు. అదే గుప్పెడు వేయించిన పల్లీలు, 50 గ్రాములు, 280 కిలోకేలరీల దాకా ఇస్తాయి, అదీ ఒక్కసారిగా కాకుండా నెమ్మదిగా అరుగుతూ. అందుకే పడుకునే ముందు పల్లీ చెక్కీ, నెయ్యి కలిపిన అన్నం, వెన్న రాసిన రొట్టె లాంటివి తినమంటాను. తలగడ దగ్గర కూడా కొంచెం పెట్టుకోండి. మూడింటికి మెలకువ వచ్చి వణుకు పడితే రెండు ముక్కలు నమిలి పడుకోవచ్చు. మందు తాగితే చలి తగ్గినట్టు అనిపించేది చర్మం కింది రక్తనాళాలు విప్పారి లోపలి వేడిని పైకి తేవడం వల్ల. ముఖం వెచ్చబడుతుంది, లోపల ఒళ్లు చల్లబడుతుంది. పదింటికి సుఖంగా ఉన్నవాడికి నాలుగింటికి అది ప్రమాదం.

లీటరు స్టీలు సీసాలో వేడినీళ్లు పోసి మూత బిగించి, కారదని తలకిందులు చేసి చూసి, మేజోడులో దూర్చి తొడల మధ్య పెట్టుకోవాలి. అక్కడ పెద్ద రక్తనాళాలు చర్మానికి దగ్గరగా ఉంటాయి, వేడి ఒళ్లంతా పాకుతుంది. 60 డిగ్రీల నీళ్లు 35కి చల్లారేలోపు 25 కిలోకేలరీలు ఇస్తాయి. అంటే అయిదు టీలు. తర్వాత సీసాను పాదాల దగ్గరికి తోసేయవచ్చు. తెల్లారి ఆ గోరువెచ్చని నీళ్లే తాగొచ్చు. ఒంటేలుకు లేవాల్సి వస్తే బద్ధకించకండి. చలిలో ఎక్కువసార్లు రావడం మామూలే, బిగబట్టుకుంటే నిద్ర పట్టదు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. టెంటులోకి నిప్పు తీసుకుపోవద్దు. కుంపటి వద్దు, బొగ్గుల బకెట్టు వద్దు, గ్యాసు స్టవ్వు వద్దు. నెగడు ఆరిపోయాక మిగిలిన ఎర్రటి నిప్పులకు పొగ ఉండదు కాబట్టి హాని లేదనుకుంటారు. పొగ లేని ఆ బొగ్గులే ప్రాణం తీసేవి. వాటినుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు అది ఆక్సిజన్‌కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. తలనొప్పి, వికారం, మత్తు వస్తాయి. పగలు తిరిగిన అలసట అనుకుని నిద్రలోకి జారుకుంటారు, లేవరు. ఇంజను వేసి ఉంచి, కారు అద్దాలు బిగించుకుని పడుకున్నా ఇదే ప్రమాదం.

"మరి ఇక్కడి వాళ్లు ఇంట్లోనే పొయ్యి పక్కన పడుకుంటారు కదా మేడమ్?" అని ఒక అమ్మాయి అడిగింది. అడగాల్సిన ప్రశ్నే. గడ్డి కప్పు నిండా సందులు, గోడకీ కప్పుకీ మధ్య ఎడం, తలుపు కింద ఖాళీ. గాలి ఆడుతూనే ఉంటుంది. నైలాను టెంటులో అవేవీ లేవు. ఎవరికైనా తలనొప్పిగా ఉందంటే వెంటనే బయటికి, గాలిలోకి తీసుకురండి. ఆ తర్వాత ఆసుపత్రికి.

వణుకు గురించి కూడా చెప్పాలి. వణకడం మంచిదే, కండరాలు వేడి పుట్టిస్తున్నాయని అర్థం. వణుకుతున్న మనిషి జిప్పు పట్టుకోలేకపోయినా, మాట ముద్దగా వచ్చినా, అడిగినదానికి పొంతన లేని జవాబు చెప్పినా ఒంటి వేడి 35 డిగ్రీల కిందికి పోతోందని అనుమానించాలి. వణుకు ఆగిపోయి, "నాకిప్పుడు బాగానే ఉంది, పడుకోనివ్వండి" అంటే అది ఇంకా చెడ్డ గుర్తు. ఒకసారి మా గుంపులో ఒక అబ్బాయి మంచుకు తడిసిన స్వెట్టరు విప్పకుండానే ముడుచుకున్నాడు. పక్కవాడు లేపి పేరు అడిగితే నసిగాడు, వణుకు కూడా లేదు. ఇద్దరు పిల్లలు కలిసి తడిబట్టలు తీసి పొడివి తొడిగారు, కింద ఇంకో చాప వేశారు, చెరో పక్కన ఆనుకుని పడుకున్నారు. మింగగలుగుతున్నాడని చూసుకుని బెల్లం నీళ్లు గోరువెచ్చగా పట్టించాం. చేతులూ కాళ్లూ రుద్దలేదు, నెగడు దగ్గరికి లాక్కుపోలేదు, అవి రెండూ చేయకూడదు. అరగంటకు మళ్లీ వణుకు మొదలైంది, మాట తేటపడింది. మాట తేటపడకపోతే రాత్రయినా సరే వెంటనే బండి ఎక్కించి దించేయాలి.

టెంట్లు అద్దెకిచ్చే వాళ్లకు నాదో విన్నపం. మీరిచ్చే రగ్గులు మంచివే. టెంటుకు ఒక మోపు ఎండుగడ్డి కూడా ఊళ్లో రైతు దగ్గర కొని, వాన తగలకుండా టార్పాలిన్ కింద పెట్టి ఉంచండి. దానికి విడిగా డబ్బు తీసుకోండి, ఎవరూ కాదనరు. అదే గడ్డిని పగలు ఎండలో ఆరబోస్తే మళ్లీ వాడుకోవచ్చు, సీజను అయ్యాక పొలానికి ఎరువవుతుంది. వచ్చేవాళ్లు ఫోనులో టెంటు బుక్ చేసేటప్పుడు ఎన్ని రగ్గులు ఇస్తారని కాకుండా, కింద ఏం పరుస్తారని అడగండి.